పసరు ఎగదన్నితే

ఏలూరులో శీలావతి చేప కోయించుకునే ప్రతివాళ్లూ ఒక మాట అంటారు: "చేదు పగలకుండా చూడమ్మా." కత్తిపీట ముందు కూర్చున్నామె చేప పొట్ట చీల్చి, పేగుల మధ్య వేలు పోనిచ్చి, ముదురాకుపచ్చ తిత్తిని చిట్లకుండా లాగి పక్కన పడేస్తుంది. చిట్లిందా, ముక్కలకు పట్టిన చేదు ఎంత కడిగినా పోదు. ఆ తిత్తిలో ఉండేది పైత్యరసం, మన ఇళ్లలో పసరు అంటాం. (మందనుకుని దాన్ని పచ్చిగా మింగి కిడ్నీలు పాడుచేసుకున్నవాళ్లు మన దేశంలో ఉన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.)

మన కాలేయమూ రోజుకు ముప్పాతిక లీటరు అటూ ఇటూగా పసరు తయారుచేస్తుంది. దాని చోటు చిన్నపేగు. పని, కూరలోని నూనెను సన్నటి బిందువులుగా విడగొట్టడం. కాస్త పసరు జీర్ణాశయంలోకి రావడం ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుంది. ఎక్కువగా వచ్చి, అన్నవాహిక అడుగునున్న కండర కవాటం కూడా వదులైతేనే చిక్కు. వేసవిలో కొల్లేరు మట్టం పడిపోతే ఉప్పుటేరు వెంట సముద్రపు నీరు ఎగదన్నినట్టే, పసరూ జీర్ణాశయంలోని ఆమ్లంతో కలిసి అన్నవాహికలోకి ఎక్కుతుంది. జీర్ణాశయానికి ఆపరేషన్ జరిగినవారిలో ఇది ఎక్కువ.

నూనెను విడగొట్టే గుణమే అన్నవాహికకు చేటు, ఎందుకంటే కణాల పొరలు కొవ్వుతో కట్టినవి. ఆమ్లం, పసరు కలిస్తే దెబ్బ ఇంకా గట్టిది. పైపొర కాలి, మంట లోపలికి దిగుతుందని చాలాకాలం అనుకున్నారు. 2009లో అమెరికాలోని డల్లాస్ పరిశోధకులు రోండా సూజా, స్టూవర్ట్ స్పెక్లర్ బృందం ఎలుకల్లో చూసింది వేరు. పసరు, ఆమ్లం పైకి ఎగదన్నేలా అన్నవాహికను చిన్నపేగుకు కలిపి కుట్టాక, వాపు తెచ్చే కణాలు ముందుగా అడుగు పొరల్లో చేరాయి. పైన పుండ్లు పడింది వారాల తర్వాత. పసరు, ఆమ్లం తగిలిన మనిషి కణాలు వాపు కణాలను రప్పించే రసాయనాలను వదలడమూ వాళ్లు చూశారు. అంటే కాలడం కన్నా ముందు కబురు వెళుతోందన్నమాట!

పరగడుపున వేసుకునే పాంటప్రజోల్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది, పసరు తయారీని ఆపదు. కొందరికి మంట పూర్తిగా పోకపోవడానికి ఇదీ ఒక కారణం. అలాగని మాత్ర మానకూడదు. ఆమ్లం తగ్గితే పసరు చేసే హాని కూడా తగ్గుతుంది. ఎండోస్కోపీలో జీర్ణాశయంలో పచ్చటి మడుగు కనబడినంత మాత్రాన కంగారు పడొద్దు. ముద్ద దిగడం కష్టమైతే, బరువు తగ్గుతుంటే, వాంతిలో రక్తం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు వెళ్లండి.