ముందు గడప దాటనివ్వండి!

"ఆడపిల్లకి ఈ పరుగులేమిటి, ఊళ్ళు పట్టుకు తిరగడమేమిటి?" అనే మాట మన ఇళ్ళల్లో ఇంకా వినబడుతూనే ఉంది. అలా అనేవాళ్ళు విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి సంగతి తెలుసుకోవాలి.

తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్ళల్లో పనిచేసేది, ఆస్పత్రి శుభ్రం చేసేది. అయినా కూతుర్ని ఆపలేదు. హైదరాబాదు, గుంటూరు హాస్టళ్ళ తర్వాత 2019లో భువనేశ్వర్ పంపారు. అక్కడ కోచ్ బ్రిటన్‌కు చెందిన జేమ్స్ హిల్లియర్.

వంద మీటర్ల హర్డిల్స్‌లో 13.38 సెకన్ల జాతీయ రికార్డు 2002 నుంచి కదల్లేదు. 2020లో జ్యోతి 13.03లో పరుగెత్తినా, డోప్ పరీక్ష జరగలేదని లెక్కలోకి తీసుకోలేదు. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ రికార్డును దాటితే, వెనకగాలి సెకనుకు 2.1 మీటర్లుందన్నారు. హద్దు 2.0! ఎవరికైనా మనసు విరిగిపోదూ?

మే నెలలో పోటీలకని విదేశాలు వెళ్ళింది. సైప్రస్‌లో 13.23, ఇంగ్లండులో 13.11, నెదర్లాండ్స్‌లో 13.04. పదహారు రోజుల్లో మూడు రికార్డులు! అదే అక్టోబరులో బెంగుళూరులో 12.82. 2023లో ఆసియా స్వర్ణం, 2024లో పారిస్ ఒలింపిక్స్.

విదేశాల్లో మంత్రమేమీ లేదు. పక్క లైన్లో మనకంటే వేగంగా పరుగెత్తేవాళ్ళుంటారు, అంతే. ఇంట్లో ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్లకి కావలసింది అదే.

మీ అమ్మాయి స్కూల్లో కప్పు తెస్తే, చదువు పాడవుతుందని కోప్పడేముందు ఒకసారి డ్రిల్లు మాస్టారుతో మాట్లాడండి. విమానం ఎక్కించేవాళ్ళు తర్వాత దొరుకుతారు. గడప దాటించాల్సింది మాత్రం మనమే.