ఏడడుగుల తర్వాత 113 కిలోమీటర్లు

భార్య సైకిల్ చక్రం వంకరపోయింది. రోడ్డు పక్కన దిగాలుగా నిలబడింది. వెనకాలే వస్తున్న భర్త ఆగి, తన చక్రం ఊడదీసి ఆమె చేతికిచ్చి, నువ్వు వెళ్లు అన్నాడు. మన సినిమాల్లో అయితే ఇక్కడ వయొలిన్లు మోగాలి. ఈత, సైకిల్, పరుగు వరసగా సాగే ట్రయాథ్లాన్‌లో మాత్రం ఇద్దరినీ పోటీ నుంచి తీసేస్తారు. ఇచ్చినవాళ్లు ముందుకు కదల్లేని పరిస్థితి తెచ్చే సాయం చేయకూడదన్నది అక్కడి నిబంధన. సైకిల్, చక్రం, హెల్మెట్ ఇవ్వకూడదు. ట్యూబు ఇవ్వొచ్చు, పంపు ఇవ్వొచ్చు, గుక్కెడు నీళ్లివ్వొచ్చు. త్యాగాలు చెల్లవు గానీ చేబదుళ్లు చెల్లుతాయి.

దంపతులిద్దరూ ఐరన్‌మ్యాన్ ట్రయాథ్లాన్ పూర్తి చేశారని పేపర్లో ఫొటో వేస్తే మెడలో పతకాలు, చేతిలో చెయ్యి కనిపిస్తాయి. నిజానికి ఆ రోజు వాళ్లిద్దరూ ఒకరికొకరు కనిపించిన సమయం బహు తక్కువ. వాళ్లు కలిసి చేసిందంతా అంతకు ముందు నెలల తరబడి ఇంట్లో చేసిందే.

ముందు లెక్కలు చూద్దాం. పూర్తి ఐరన్‌మ్యాన్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 42.2 కిలోమీటర్ల మారథాన్. మధ్యలో విశ్రాంతి లేదు, 17 గంటల్లో అయిపోవాలి. అందులో సగం దూరంది 70.3. ఆ అంకె మైళ్లలో మొత్తం దూరం, మన లెక్కలో 113 కిలోమీటర్లు. 1.9 ఈత, 90 సైకిల్, 21.1 పరుగు. గడువు ఎనిమిదిన్నర గంటలు. మన తెలుగువాళ్లకు అందుబాటులో ఉన్న వేదిక గోవా. 2019 అక్టోబరులో అక్కడ మొదటిసారి 70.3 జరిగింది. 2024లో ఎంపీ తేజస్వి సూర్య దాన్ని 8 గంటల 27 నిమిషాల 32 సెకన్లలో పూర్తి చేశారు. గడువుకు ఇంకా మిగిలింది రెండున్నర నిమిషాలు! దేశమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవాల్సిందే. గంటన్నర ముందు వచ్చినవాడికీ ఆ చివరి రెండు నిమిషాల్లో వచ్చినవాడికీ మెడలో వేసే పతకం ఒకటే.

ఈ పోటీని పుట్టించింది ఓ జంటే. అమెరికా నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ. శాండియాగోలోని మిషన్ బేలో 1974, 75ల్లో జరిగిన తొలినాటి ట్రయాథ్లాన్లలో ఇద్దరూ పాల్గొన్నారు. తర్వాత హవాయికి మారారు. ఒవాహు దీవిలో అప్పటికే మూడు పోటీలు వేర్వేరుగా జరుగుతున్నాయి. వైకీకీ సముద్రపు ఈత, దీవి చుట్టూ సైకిల్ పోటీ, హొనొలులు మారథాన్. పరుగువాడు గట్టివాడా, ఈతగాడు గట్టివాడా అని 1977లో ఓ బహుమతి ప్రదానం దగ్గర వాదన నడిచింది. సైకిల్ వీరుడు ఎడ్డీ మెర్క్స్ పేరు కూడా అందులోకి వచ్చింది. మూడూ ఒకే రోజు చేస్తే తేలిపోతుంది కదా అన్నారు కాలిన్స్ దంపతులు. 1978 ఫిబ్రవరి 18న 15 మంది బయల్దేరారు, 12 మంది ముగించారు. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. జాన్ కూడా పూర్తి చేశాడు.

ఆ పదిహేను మందీ మగవాళ్లే. మిషన్ బేలో భర్తతో సమానంగా దిగిన జూడీ, తాను కూడా కలిసి పుట్టించిన పోటీ మొదటి రోజు బరిలో లేదు. మరుసటి ఏడు లిన్ లెమేర్ అనే ఆవిడ వచ్చి ఆ లోటు తీర్చింది. చాలా కథనాల్లో జాన్ పేరు పెద్దక్షరాల్లోనూ, జూడీ పేరు 'ఆయన భార్య'గానూ ఉంటుంది. నేనూ పైన అలాగే రాశాను చూడండి, అలవాటు అలాంటిది.

ఆ మొదటి పోటీలో మరో విశేషం ఉంది. ప్రతి పోటీదారూ తన సహాయక బృందాన్ని తానే తెచ్చుకోవాలి. నీళ్లు, తిండి ఆ బృందమే అందించాలి. జాన్ డన్‌బార్ అనే నౌకాదళ వీరుడి వెంట ఉన్నవాళ్ల దగ్గర నీళ్లు అయిపోతే బీరు పోశారు. పాపం, అతను రెండో స్థానంలో వచ్చాడు. ఇప్పుడు సీను తిరగబడింది. నిర్వాహకులు పెట్టిన నీళ్ల కేంద్రాల్లో తప్ప బయటివాళ్ల చేతి నుంచి అరటిపండు తీసుకున్నా తప్పే. వెనక బృందం లేకుండా ఏ పోటీదారూ ఆనాడు బయల్దేరలేదు, నిజం చెప్పాలంటే ఈనాడూ బయల్దేరడం లేదు. ఆ బృందం రోడ్డు మీద నుంచి ఇంట్లోకి మారింది, అంతే.

హైదరాబాద్ నాంపల్లిలో ఏక్ మినార్ మసీదు చుట్టుపక్కల కాపురముండే జంట ఒకటి గోవాకు పేరిచ్చిందనుకుందాం. ఇద్దరికీ ఉద్యోగాలు, బడికెళ్లే పిల్ల. పొద్దున నాలుగున్నరకు అలారం. ఈ వీధులకు ఆ వేళ ఒక అందం ఉంది, దాన్ని నడిచినవాళ్లే ఎరుగుదురు. 1907 నాటి రైల్వే స్టేషన్ ముందు గోదావరి ఎక్స్‌ప్రెస్ కోసం ఆటోలు వరస కడుతుంటాయి. ఎక్కడి నుంచో నహారీ వాసన. పబ్లిక్ గార్డెన్స్ పక్క నుంచి అసెంబ్లీ, గన్‌పార్కు, రవీంద్రభారతి, లక్డీకాపూల్ దాటి నెక్లెస్ రోడ్డు ఎక్కితే పరుగుకు కావాల్సిన దారి దొరికినట్టే. ఆరు దాటితే ఆ దారి మీద హక్కు బస్సులది. జనవరి ఒకటి నుంచి నెలన్నర నుమాయిష్ ప్రదర్శన. ఆ రోజుల్లో సాయంత్రం పరుగు మాట మర్చిపోవడమే మేలు, ఎగ్జిబిషన్ గ్రౌండ్ ముందు నడవడమే గొప్ప.

సైకిల్‌కు ఇక్కడ చోటు లేదు. ఆదివారం చీకటితోనే మాసాబ్‌ట్యాంక్, మెహిదీపట్నం, టోలిచౌకి మీదుగా ఔటర్ రింగు రోడ్డు వైపు పోవాలి. 2023 అక్టోబరులో తెరిచిన సైకిల్ ట్రాక్ అక్కడుంది. 23 కిలోమీటర్ల పొడవు, నెత్తిన సౌరఫలకాల కప్పు. రెండుసార్లు వెళ్లొస్తే 90 దాటుతుంది. ఇంటికొచ్చేసరికి ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల బేరాలు మొదలైపోయి ఉంటాయి.

ఈతకొచ్చేసరికి అసలు చిక్కు. ఎల్బీ స్టేడియంలో కొలను ఉంది. యాభై మీటర్ల కొలనులో 1.9 కిలోమీటర్లంటే 38 సార్లు ఈ చివర నుంచి ఆ చివరకు. ఎటొచ్చీ కొలనులో అడుగు కనిపిస్తుంది, గీత కనిపిస్తుంది, అలిసిపోతే పట్టుకోవడానికి గట్టుంది. సముద్రంలో ఇవేవీ ఉండవు. అల లేచినప్పుడల్లా తలెత్తి, దారి చూపే తేలే బోయా ఎటుందో చూసుకోవాలి. ఊరి నడిబొడ్డున హుస్సేన్‌సాగర్ ఉన్నా అందులో దిగమని ఎవరూ చెప్పరు. అయినా వయసు మీద పడ్డాక నేర్చుకుని సముద్రాన్ని గెలిచినవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021లో 47 ఏళ్ల వయసులో పాక్ జలసంధిని ఈదారు.

నగరంలో చాలా కొలనుల్లో ఆడవాళ్లకు వేళ వేరు, మగవాళ్లకు వేళ వేరు. కలిసి పోటీకి దిగే జంట కలిసి ఈదలేదన్నమాట. మొదట్లో ఇది అన్యాయంగా తోస్తుంది. నాకైతే ఇదే ఆ జంటకు దక్కిన పెద్ద వరం అనిపిస్తుంది. ఒకరు కొలనులో ఉన్నంతసేపూ ఇంకొకరు ఇంట్లో ఉండి తీరాలి కదా! పిల్ల జడ, టిఫిన్ డబ్బా, స్కూలు ఆటో, అన్నీ వంతులవారీగా పంచుకోక తప్పదు. భర్త ఒక్కడే దిగితే ఈ పనులన్నీ ఆవిడవి, ఆయన 'ఐరన్‌మ్యాన్'. ఇద్దరూ దిగినప్పుడే ఇంటి పనికి లెక్క మొదలవుతుంది. ఆ లెక్కలో తేడా వస్తే పూడ్చేది అత్తమ్మో అమ్మో. ఆదివారం ఇద్దరూ సైకిళ్లేసుకుని పోతే మనవరాలిని చూసుకునేది ఆమే, "ఇద్దరికీ ఒక్కసారే పట్టిందేమమ్మా ఈ పిచ్చి" అనేదీ ఆమే. 1978 నాటి సహాయక బృందం ఇప్పుడెక్కడుందని అడిగితే, ఆమెను చూపించొచ్చు.

హాల్లో కూర్చుని నేర్చుకోవాల్సిన విద్య ఒకటుంది, ట్యూబు మార్చడం. చైను చివరి చిన్న పళ్లచక్రం మీదకు తెచ్చి వెనక చక్రం ఊడదీయాలి. రెండు ప్లాస్టిక్ లివర్లు దూర్చి టైరు ఒక అంచు పైకి లేపి, ట్యూబు లాగేయాలి. ఇక్కడే తొందరపడతారు. టైరు లోపల వేలితో చుట్టూ తడమాలి. గుచ్చుకున్న ముల్లో తీగముక్కో అక్కడే ఉంటే కొత్త ట్యూబూ పోతుంది. కొత్త ట్యూబుకు కాస్త గాలి పట్టించి లోపల సర్ది, బొటనవేళ్లతో అంచును లోపలికి తోసుకుంటూ రావాలి. చివరి జానెడు ఏడిపిస్తుంది. గోళ్లు విరుగుతాయి, మాటలు జారతాయి. భర్త "ఇలా ఇవ్వు" అంటాడు. ఇవ్వకూడదు. పోటీ రోజు అతను పది కిలోమీటర్ల ముందో వెనకో ఉంటాడు.

ఆ రోజు సముద్రంలోకి ఎవరి వేగాన్ని బట్టి వాళ్లు వరసలో దిగుతారు. కావాలంటే ఇద్దరూ పక్కపక్కనే దిగొచ్చు, పది నిమిషాల్లో ఎటువాళ్లు అటే. చీలమండకు కట్టిన చిప్ ఎవరి లెక్క వాళ్లకు రాస్తుంది. ఒడ్డుకొచ్చి హెల్మెట్ పెట్టి బకిల్ బిగించాకే సైకిల్ మీద చెయ్యి వేయాలి. సైకిల్ మీద పక్కపక్కన కబుర్లాడుతూ పోకూడదు. ముందువాళ్ల వెనక గాలి చాటుకు చేరకూడదు, పన్నెండు మీటర్ల దూరం ఉండాలి. పట్టుబడితే అయిదు నిమిషాలు ఆపేస్తారు. కొంగు చాటు మొగుళ్లకు మన ఊళ్లో ఎగతాళే, ఇక్కడ శిక్ష కూడా.

పరుగులో మాత్రం పక్కపక్కన పోవచ్చు. ఒకే దారిలో చుట్లు తిరగాలి కాబట్టి ఎదురుపడతారు కూడా. ఒకరి మొహం చూసి ఇంకొకరు ఎలా ఉన్నారో పట్టేసేది అక్కడే, ఏళ్ల కాపురం ఆ మాత్రం నేర్పుతుంది. అయితే ఒకరు ముందే గీత దాటేస్తే వెనక్కి వచ్చి తోడు పరుగెత్తే వీల్లేదు. ముగించిన క్షణం నుంచి అతను బయటివాడే.

చేతిలో చెయ్యేసి గీత దాటడం సంగతి? 2019లో టోక్యోలో ఒలింపిక్స్‌కు ముందు జరిగిన పోటీలో ఇద్దరు బ్రిటిష్ అమ్మాయిలు, జెస్ లెర్మంత్, జార్జియా టేలర్ బ్రౌన్, మొదటి స్థానంలో అలాగే చేతులు పట్టుకుని దాటారు. కావాలని సమానంగా వచ్చారని ఇద్దరినీ తీసేశారు. ఆడ, మగ విభాగాలు వేరు గనక దంపతులకు ఆ భయం లేదు. ఫొటోకు అడ్డేమీ లేదు.

చాలా జంటలు మాట్లాడుకోని విషయం ఒకటుంది. ఇద్దరిలో ఒకరే గీత దాటితే? సముద్రం నుంచి బయటికి రావడానికే 70 నిమిషాల గడువు. ఈతలో నెమ్మది అయినవాళ్లు అక్కడే ఆగిపోవచ్చు. రెండోవాళ్లకు ఆ సంగతి సైకిల్ మీద తెలియదు, పరుగులో ఎదురుపడకపోతే అనుమానం మొదలవుతుంది. ఆగి వెతకాలా, సాగిపోవాలా? పేరిచ్చే రోజునే దీన్ని తేల్చుకోవాలి, సముద్రం ఒడ్డున తేల్చుకునే పని కాదిది. ఏం జరిగినా రెండోవాళ్లు పూర్తి చేయాలన్నది నా ఓటు. ఫీజు వేలల్లో కట్టారు, అత్తమ్మ ఆర్నెల్లు పిల్లను చూసుకుంది. ఇద్దరూ ఆగిపోయి ఇంటికొస్తే ఆవిడకు ఏం చెబుతారు?