ఊరి పాత అంగడిని మరల నిలబెట్టుకొందము

రైతు సోదరులారా! రాయచోటి ప్రాంతపు పల్లెలలో తాళము పడిన పాత అంగడి మిద్దెలు మీలో అనేకులు చూచియే యుందురు. ముందు బండలు పరచిన అరుగు, వరుసగా బిగించు పలకల తలుపు, మట్టితో కట్టిన రాతిగోడలు, పైన చౌడు మిద్దె. వాన వచ్చినపుడు లోపల కారుచుండుటచే అట్టి మిద్దెను కూలద్రోసి రేకులు వేయుదమని కొందరికి తోచవచ్చును. ఆ పని చేయుటకు ముందు ఆ అంగడి ఊరికి చేసిన మేలేమి, కీడేమి, ఇప్పుడు దానిని ఏ పనికి వాడుకొనవచ్చును అను సంగతులు ఒకసారి ఆలోచించుట మంచిది.

అంగడి ఎట్లు పెరిగినది?

1800 లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి అప్పగించెను. 1800 నుండి 1807 వరకు ఇచ్చట కలెక్టరుగా నుండిన థామస్ మన్రో రైతులతో నేరుగా శిస్తు నిర్ణయించు పద్ధతిని నడిపెను. శిస్తు రొక్కముగా కట్టవలసి వచ్చెను. పంట చేతికి రాగానే శిస్తు గడువు ముంచుకొని వచ్చును గనుక రైతు తన గింజలను వెంటనే అమ్మవలసి యుండెను. ఊరిలో కొనువాడు అంగడి శెట్టియే. ఉప్పు, బెల్లము, నూనె అమ్ముటయు, రాగులు, జొన్నలు, తరువాతి కాలమున వేరుశనగ కొనుటయు, ఆపదలో అరువిచ్చుటయు ఒకే అరుగుమీద జరిగెను.

ఇందులో మేలు లేకపోలేదు. కడప పట్టణము రాయచోటికి ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరము. ఎద్దులబండ్ల కాలములో చీటికిమాటికి పట్నము పోవుట సాధ్యము కాదు. వానలేని ఏడు చేతిలో కాసు లేని కుటుంబమునకు అంగడి అరువే గింజల దారి. అయితే అరువు తెచ్చుకొన్నవాడు పంటను అదే అంగడికి, అంగడివాడు చెప్పిన ధరకే ఇచ్చుకొనవలసిన పరిస్థితి ఏర్పడినపుడు ఆ మేలే సంకెల అయ్యెను. 1876-78 సంవత్సరముల కరవులో దత్తమండలములు ఎంత నలిగినవో పెద్దలు చెప్పగా వినియుందురు. అట్టి ఏండ్లలో చేసిన అప్పు కొన్ని ఇండ్లలో తరములు దాటెను.

దీనికి విరుగుడుగా 1904 లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. 1912 చట్టము సరుకులు కొని అమ్ము సంఘములకు కూడ దారి తీసినది. అయినను మార్పు మెల్లగా వచ్చెను. 1951-52 లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ప్రకారము రైతుల అప్పులో సహకార సంఘముల వాటా నూటికి 3 వంతులు మాత్రమే. వడ్డీ వ్యాపారుల వాటా నూటికి సుమారు 70 వంతులు.

తూకము మారినది

పాత అంగడిలో వీశెలు, మణుగులు వాడుకలో నుండెను. 120 తులములు ఒక వీశె, అనగా సుమారు 1.4 కిలోలు. 8 వీశెలు ఒక మణుగు, అనగా సుమారు 11.2 కిలోలు. గింజలను మానికలతో, కుంచములతో కొలిచెడివారు. కొలతపాత్ర ఊరూరికి వేరైనపుడు నష్టపోవువాడు రైతే. 1957 ఏప్రిల్ 1 న రూపాయికి 100 నయాపైసలు వచ్చినవి. 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూకములు దశలవారీగా అమలైనవి. దేశమంతట ఒకే కిలో రాయి వచ్చుటచే అక్షరము రాని రైతుకు కూడ తూకము సరిచూచుకొనుట సులువైనది.

ఒక పాత అంగడి చెప్పు పాఠము

ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది పనివారు తలకొక పౌను చొప్పున వేసికొని 1844 డిసెంబరు 21 న చిన్న అంగడి తెరచిరి. మొదట వారు అమ్మినవి వెన్న, చక్కెర, పిండి మొదలైన కొద్ది సరుకులే. సరియైన తూకము, కల్తీలేని సరుకు, రొక్కమునకే అమ్మకము, మిగులును కొనుగోలును బట్టి సభ్యులకు పంచుట వారి నియమములు. ఆ అంగడి ఉన్న ఇంటినే బాగుచేసి 1931 లో ప్రదర్శనశాలగా తెరచిరి. గోడలు నిలిచినందుననే గాక నియమములు నిలిచినందుననే ఆ అంగడి పేరు లోకమంతట నిలిచినది. మన మిద్దెను బాగుచేయునపుడు కూడ ఈ రెండింటిని కలిపియే చూడవలెను.

మిద్దెను బాగుచేయు విధము

1. ముందుగా యజమాని వ్రాతమూలకమైన సమ్మతి తీసికొనవలెను. గ్రామాధికారులు హక్కుపత్రములను సరిచూడవలెను.

2. పని ఎండకాలములో మొదలుపెట్టి ముంగారు వానలకు ముందే ముగించవలెను.

3. పాత చౌడు తీయకుండ ఏటేట కొత్త చౌడు పోయుటవలన బరువు పెరిగి దూలములు వంగును. క్రింద గట్టి ఊతలు నిలిపి, పాత మట్టిని పూర్తిగా దింపవలెను. దూలములు, దంతెలు గోడలో దూరు చోట్ల చెదలు పట్టినవేమో కత్తిమొనతో గుచ్చి చూచి, పాడైనవి మార్చవలెను. తరువాత మట్టి, దానిపై చౌడు పలుచగా పరచి, నీరు గొట్టమువైపు పారునట్లు వాలు ఉంచి దిమ్మిస చేయవలెను.

4. మట్టితో కట్టిన గోడలకు సిమెంటు పూత పూయరాదు. లోపలి తేమ బయటికి పోలేక గోడ ఉబ్బి, పూత పెచ్చులుగా ఊడును. మట్టిగాని, సున్నము ఇసుక కలిపిన గచ్చుగాని వాడవలెను.

5. వాననీరు పునాది దగ్గర నిలువకుండ కాలువ తీయవలెను. నేలబండల సందులు పూడ్చినచో ఎలుకలు దూరవు.

6. పాత తక్కెడ, రాళ్లు, చిట్టా పుస్తకములు పారవేయకుడు. ఆనాటి ధరలు, కరవు ఏండ్లు వాటిలో తెలియును. అయితే అందులో ఏ ఇంటి అప్పు ఎంతయో నలుగురిలో చదువుట మర్యాద కాదు. పాత రాళ్లు చూచుటకే గాని తూచుటకు పనికిరావు. తూనికలు కొలతల శాఖవారు ముద్రవేసిన కాటానే వాడవలెను.

ఏ పనికి వాడవలెను?

మన మెట్టభూములకు ముఖ్యమైనది పదును. ముంగారు వాన పడిన తరువాత పదును కొద్ది రోజులే నిలుచును. ఆ రోజులలో విత్తనము కొరకు దూరము తిరిగిన రైతుకు విత్తే అదను తప్పును. 2020 లో రైతు భరోసా కేంద్రములు అను పేరుతో ప్రారంభమైన కేంద్రములు ఈ కొరతను తీర్చుటకే ఏర్పడినవి. ఊరి రైతుల సంఘము ఈ మిద్దెలో తమ సొంత వేరుశనగ విత్తనమును నిలువ ఉంచుకొన్నచో అది వాటికి తోడగును.

వేరుశనగను విత్తులుగా గాక కాయలుగా నిలువ చేయవలెను. కాయలను తేమ నూటికి 9 వంతులకు మించకుండ ఆరబెట్టవలెను. తేమ మిగిలిన కాయలలో బూజు పెరిగి విషపదార్థము పుట్టును. అవి మనుషులకు, పశువులకు కూడ హాని. సంచులను నేలమీద గాక చెక్కపలకల మీద, గోడకు మూరెడు ఎడముగా పేర్చవలెను. పురుగుమందులను తినుబండారములతో ఒకే గదిలో ఎన్నడును ఉంచరాదు. విత్తనములు, ఎరువులు, మందులు అమ్మదలచినచో ముందుగా వ్యవసాయ శాఖవారి లైసెన్సు పొందవలెను.

అరువు విషయములో జాగ్రత్త అవసరము. ఇచ్చిన ప్రతి పద్దునకు రెండు ప్రతులు వ్రాసి, ఒకటి రైతు చేతికి ఇవ్వవలెను. పంటను ఫలానా చోటనే అమ్మవలెనను షరతు పెట్టరాదు. ఈ ఒక్క నియమము తప్పినచో కప్పు ఎంత కొత్తదైనను లోపల నడచునది పాత అంగడియే.

కావున సోదరులారా, వచ్చు గ్రామసభలో ఈ సంగతి ప్రస్తావించుడు. పనివారిని, పెద్దలను తోడ్కొని ఒకసారి మిద్దె ఎక్కి దూలములు చూడుడు. గట్టిగా ఉన్న గోడను కూల్చుట ఒక పూట పని. అట్టి గోడను మరల కట్టగల పనివారు ఏటేట తగ్గుచున్నారు.