రిక్షా తొక్కేవాడి చేత రాయించిన అమ్మ – మహాశ్వేతా దేవి

మహాశ్వేతా దేవి పేరు మనలో కొంతమందైనా వినే ఉంటారు. ఆమె బెంగాలీలో రాసిన నవలలు ‘ఒక తల్లి’, ‘ఎవరిదీ అడవి’ అనే పేర్లతో తెలుగులోకి వచ్చాయి. పుస్తకాల అలవాటు లేనివాళ్లకి ‘రుదాలీ’ సినిమా గుర్తుండొచ్చు. డబ్బున్నోళ్ల ఇళ్లలో చావు జరిగితే కూలికి వెళ్లి ఏడ్చే ఆడవాళ్ల కథ అది. ఆ కథ కూడా ఆవిడదే.

ఆవిడ 1926 జనవరి 14న ఢాకాలో పుట్టారు. 2016 జూలై 28న కలకత్తాలో కన్నుమూశారు. తొంభై ఏళ్ల బతుకులో వందకు పైగా పుస్తకాలు రాశారు. అయితే ఈ నెల మన పత్రికలో ఆవిడ గురించి చెప్పుకోవడానికి కారణం వేరే ఉంది. కూలివాళ్ల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. కూలివాళ్ల చేతనే రాయించి, దాన్ని అచ్చేసినవాళ్లు తక్కువ. ఆవిడ ఆ పని చేశారు.

పుట్టిన ఇల్లు చదువుల ఇల్లే. నాన్న మనీష్ ఘటక్ పేరున్న కవి. అమ్మ ధరిత్రీ దేవి కూడా రాసేవారు. సినిమాలు తీసిన రిత్విక్ ఘటక్ ఆవిడకు బాబాయి. టాగూర్ బతికున్న రోజుల్లోనే శాంతినికేతన్‌లో చదువుకున్నారు. 1947లో బిజన్ భట్టాచార్యను పెళ్లి చేసుకున్నారు. బెంగాల్ కరువు మీద ‘నబాన్న’ అనే నాటకం రాసిన మనిషి ఆయన. పేరు పెద్దది, ఇంట్లో డబ్బు లేదు. ఆవిడకు పోస్టల్ ఆడిట్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది గానీ, కమ్యూనిస్టు అనే అనుమానంతో దాన్నీ తీసేశారు. చంటిపిల్లాడు నబారుణ్‌ను పెట్టుకుని ట్యూషన్లు చెప్పారు, సబ్బులు అమ్మారు. ఉద్యోగం పోతే పొయ్యి మీద గిన్నె ఎట్లా ఉంటుందో మిల్లు మూతపడిన ఇళ్లవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ కష్టంలోనే ఝాన్సీ రాణి మీద పుస్తకం రాయాలనుకున్నారు. లైబ్రరీలో ఉన్న చరిత్ర చాలదనిపించింది. చిన్న పిల్లాణ్ని ఇంట్లో వదిలి ఝాన్సీ వైపు వెళ్లిపోయారు. ఊళ్లలో ముసలివాళ్లు చెప్పుకునే కథలూ, పాడుకునే పాటలూ విని రాసుకున్నారు. 1956లో వచ్చిన ఆ పుస్తకమే ఆవిడ మొదటిది. చదువురానివాళ్ల నోట్లో కూడా చరిత్ర ఉంటుందన్న సంగతి ఆవిడ అక్కడే పట్టుకున్నారు. చివరిదాకా వదల్లేదు.

1964 నుంచి కలకత్తాలోని బిజయ్‌గఢ్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పారు. దేశ విభజనలో ఇల్లూవాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్లు కట్టుకున్న కాలనీ అది. పాఠాలు చెబుతూనే రాశారు. 1974లో ‘హజార్ చురాశిర్ మా’ వచ్చింది. నక్సలైటు ఉద్యమంలో కొడుకు పోతే, శవానికి వేసిన నంబరుతో తల్లిని పిలిచే కథ అది. ‘ఒక తల్లి’ అని మనం చదివింది దాన్నే. తరవాత ముండా ఆదివాసుల నాయకుడు బిర్సా మీద ‘అరణ్యేర్ అధికార్’ రాశారు. దానికి 1979లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

అదే ఏడు నాన్న మనీష్ ఘటక్ పోయారు. ఆయన బహరంపూర్ నుంచి ‘బర్తికా’ అనే చిన్న పత్రిక నడిపేవారు. బర్తికా అంటే మన మాటలో వత్తి, దీపం వత్తి. 1980లో ఆ పత్రికను కూతురు చేతిలోకి తీసుకున్నారు. తీసుకుని దాని తీరే మార్చేశారు. పెద్ద రచయితల కథలు, కవితలు పక్కన పెట్టారు. చిన్న రైతులు, కూలీలు, ఫ్యాక్టరీ కార్మికులు, ఆదివాసులు, రిక్షావాళ్లు తమ బతుకు గురించి తామే రాయాలన్నారు. భాష అందంగా ఉందా లేదా అన్నది ఆవిడకు రెండో మాట.

ఇక్కడ ఒక రిక్షావాలా సంగతి చెప్పాలి. పేరు మనోరంజన్ బ్యాపారి. తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన దళిత కుటుంబం. బడి మొహం చూడలేదు. జైలుకెళ్లి, అక్కడ అక్షరాలు నేర్చుకున్నాడు. బయటికొచ్చి కలకత్తాలో జాదవ్‌పూర్ దగ్గర రిక్షా తొక్కేవాడు. బేరాలు లేనప్పుడు సీటు మీద కూర్చుని పుస్తకం చదివేవాడు. చదువుతుంటే ‘జిజీవిష’ అనే మాట తగిలింది. అర్థం తెలీలేదు. ఒకరోజు టీచరమ్మలా ఉన్న ఒకావిడ రిక్షా ఎక్కితే, ఆ మాటకు అర్థమేంటమ్మా అని అడిగేశాడు. బతకాలన్న కోరిక, అని ఆవిడ చెప్పింది. నీకు ఈ మాట ఎక్కడ దొరికిందని అడిగింది. మాటల్లో అతను చదువుతాడని తెలిసి, మా పత్రికకు నీ సంగతి రాయమంది. దిగేటప్పుడు పేరూ అడ్రసూ ఇచ్చింది. చూస్తే, తను చదువుతున్న పుస్తకం రాసిన మనిషే ఆవిడ!

‘రిక్షా నడుపుతాను’ అనే అర్థం వచ్చే పేరుతో అతని రచన 1981లో బర్తికాలో వచ్చింది. ఆ తరవాత అతను ఒక బడి హాస్టల్లో వంటపని చేస్తూ కథలు, నవలలు, తన జీవితకథ రాశాడు. పేరున్న రచయిత అయ్యాడు. 2021లో బలాగఢ్ నుంచి ఎమ్మెల్యేగా కూడా గెలిచాడు. ఒక్క మాటకు అర్థం అడగడం, ఒకరు ఓపిగ్గా జవాబు చెప్పడం, అంతే మొదలు.

1982లో ఆవిడ కాలేజీకి సెలవు పెట్టి ‘జుగాంతర్’ పత్రికకు తిరిగే విలేకరిగా చేరారు. కలకత్తాలో కూర్చుని రాసే రకం కాదు. పలాము జిల్లాలో వెట్టిచాకిరీ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లారు. వెట్టిని రద్దు చేస్తూ 1976లోనే చట్టం వచ్చింది. కాగితం మీద వెట్టి పోయింది, పొలంలో పోలేదు. ఎప్పుడో తాత తీసుకున్న కాస్త అప్పుకి మనవడు కూడా చాకిరీ చేస్తున్నాడు. ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు, కూలి ఎంత ఇస్తున్నారు అని లెక్కలతో సహా రాశారు. రాసి ఊరుకోలేదు. అక్కడి వెట్టివాళ్లు సంఘం పెట్టుకోవడానికి తోడు నిలబడ్డారు. ఆఫీసులకు ఉత్తరం మీద ఉత్తరం రాసేవారు. అర్జీ రాయడం కూడా ఆవిడకు రచనే.

1998 ఫిబ్రవరిలో పురూలియా జిల్లాలో బుధన్ శబర్ అనే ఖేరియా శబర ఆదివాసిని పోలీసులు పట్టుకెళ్లారు. కస్టడీలో చనిపోయాడు. ఆత్మహత్య అన్నారు. శబరుల సంఘం తరఫున ఆవిడ కలకత్తా హైకోర్టుకు వెళ్లారు. కోర్టు అతని భార్యకు పరిహారం ఇమ్మంది, సీబీఐ దర్యాప్తు చెయ్యమంది.

అతన్ని ఎందుకు పట్టుకెళ్లారు? ఆ కులంలో పుట్టడమే అనుమానం. 1871లో ఇంగ్లీషువాళ్లు చేసిన నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలనూ తెగలనూ పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టింది. మన స్టూవర్టుపురం ఎరుకలవాళ్ల కథ అదే. 1952లో ఆ చట్టం తీసేసినా ముద్ర పోలేదు. ఇట్లాంటి తెగల హక్కుల కోసం గణేశ్ దేవి, లక్ష్మణ్ గాయక్వాడ్‌లతో కలిసి ఆవిడ ఒక సంఘం పెట్టారు.

1996కి జ్ఞానపీఠం వచ్చింది. దాన్ని నెల్సన్ మండేలా చేతుల మీదుగా అందుకున్నారు. 1997లో మెగసెసే. అవార్డుల డబ్బు ఆదివాసుల పనికే పెట్టారు. సింగూరు, నందిగ్రాంలలో ఫ్యాక్టరీల కోసం రైతుల భూమి తీసుకుంటుంటే, ఎనభై ఏళ్ల వయసులో ఎర్రజెండా ప్రభుత్వాన్ని కూడా నిలదీశారు. ఇన్నింటికీ ఆవిడ మూల్యం కట్టకపోలేదు. బిజన్‌తో కాపురం నిలవలేదు, కొడుకు తండ్రి దగ్గర పెరిగాడు. ఆ నబారుణ్ కూడా పెద్ద రచయిత అయ్యి, తల్లి కంటే ముందే 2014లో పోయాడు.

ఇప్పుడు మన బెంగళూరుకు వద్దాం. బిన్నీ మిల్లు 1884 నాటిది. మినర్వా, రాజా మిల్లు, ఎన్ని సైరన్లు ఈ ఊరిని నిద్రలేపాయి! రాజా మిల్లు ఉన్న జాగాలో ఇప్పుడు మల్లేశ్వరం మంత్రి మాల్ ఉంది. అక్కడ ఎస్కలేటర్ ఎక్కే పిల్లలకి, ఆ నేల మీద ఎవరు నిలబడి నూలు వడికారో తెలీదు. బోర్డు మీద ఎక్కడా రాసి లేదు. రాయలసీమ నుంచి, కోలారు వైపు నుంచి వచ్చి రింగ్ ఫ్రేముల దగ్గర, వైండింగ్‌లో, కార్డింగ్‌లో దూది మింగినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్లతో పాటు వాళ్ల మాటా పోతోంది.

ఇవాళ గార్మెంట్స్‌కు వెళ్లే మన ఆడపిల్లల సంగతీ అంతే. పక్క షెడ్లలో బెంగాలీ మాట్లాడుతూ చెత్త ఏరే కుటుంబాల సంగతీ అంతే. వాళ్లది ఆవిడ భాష. వాళ్లను అనుమానంగా చూసేముందు బుధన్ శబర్‌ను ఒకసారి తలుచుకుందాం.

కాబట్టి ఇంట్లో మిల్లుకెళ్లిన తాతో, అమ్మమ్మో ఉంటే ఈ ఆదివారం పక్కన కూర్చోండి. మొదటి జీతం ఎంత? ఏ ఖాతాలో పని? షిఫ్టు ఎన్ని గంటలు? బిడ్డకు పాలెట్లా ఇచ్చావు? స్ట్రైకులో ఏం తిన్నారు? పీఎఫ్ చేతికొచ్చిందా? చెప్పింది చెప్పినట్టు రాయండి. అక్షర దోషాలుంటే ఉండనివ్వండి. రాయడం రాకపోతే ఫోన్లో రికార్డు చేసి పిల్లల చేత రాయించండి. పంపితే ఈ పేజీల్లో వేస్తాం. మన దగ్గరా ఒక వత్తి వెలగాలి కదా.