సాయం లెక్క ఎవరి కోసం?

బ్రిటన్ భారతదేశానికి ఇంకా సాయం చేస్తోందా? 2012 నవంబరులో అప్పటి బ్రిటన్ అభివృద్ధి శాఖ మంత్రి జస్టిన్ గ్రీనింగ్, 2015 తర్వాత ఇండియాకు ఆర్థిక సాయం ఉండదని ప్రకటించారు. 2023 మార్చిలో ఆ దేశపు సాయాన్ని తనిఖీ చేసే స్వతంత్ర సంస్థ ఐకాయ్ ఒక నివేదిక విడుదల చేసింది. 2016 నుంచి 2021 దాకా ఇండియాకు దాదాపు 230 కోట్ల పౌండ్ల సాయం అందిందని అందులో ఉంది. మంత్రి మాటా అబద్ధం కాదు, నివేదికా తప్పు కాదు. మరి తేడా ఎక్కడుంది?

ఐకాయ్ ఆ మొత్తాన్ని విడదీసి చూపించింది కాబట్టి చిక్కుముడి వీడింది. నేరుగా ఇచ్చిన ద్వైపాక్షిక సాయం 44.1 కోట్ల పౌండ్లు. బ్రిటన్ విదేశాంగ శాఖ పెట్టిన పెట్టుబడులు 12.9 కోట్లు. బహుళపక్ష సంస్థల ద్వారా చేరింది 74.9 కోట్లు. మిగిలిన 100 కోట్లు బ్రిటిష్ ఇంటర్నేషనల్ ఇన్వెస్ట్‌మెంట్ అనే ప్రభుత్వ సంస్థ ఇక్కడి కంపెనీల్లో పెట్టిన పెట్టుబడులు. ఈ సంస్థ 1948లో మొదలైంది. ఇది దానం చేయదు. రాబడి ఆశించి పెట్టుబడి పెడుతుంది. 2015 తర్వాత ఆగింది మన ప్రభుత్వానికి వచ్చే గ్రాంటు మాత్రమే. మొత్తం అంకె ఒక్కటే చూసినవారికి ‘ఇండియాకు ఇన్ని కోట్లు ధారపోశారు’ అనిపిస్తుంది. విడదీసి చూసినవారికి అందులో దాదాపు సగం గ్రాంటు కాదు, పెట్టుబడి అని తెలుస్తుంది. గణాంకాల్లో పారదర్శకత అంటే అంకెను బయటపెట్టి ఊరుకోవడం కాదు, దాన్ని విప్పి చూసుకునే వీలు కల్పించడం అని నేను గట్టిగా నమ్ముతాను.

సాయం లెక్కలకు ఒక ఉమ్మడి నిర్వచనం ఉంది. పారిస్‌లోని ధనిక దేశాల కూటమి ఓఈసీడీకి చెందిన అభివృద్ధి సాయ కమిటీ 1969లో ‘అధికారిక అభివృద్ధి సాయం’ అనే కొలమానాన్ని తెచ్చింది. ధనిక దేశాలు జాతీయాదాయంలో 0.7 శాతం ఇవ్వాలని 1970లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించినప్పటి నుంచి ఈ కొలమానం పరువు సమస్యగా మారింది. ఏది సాయం కింద జమకట్టాలన్న వాదన అప్పటి నుంచీ సాగుతూనే ఉంది.

అప్పుల సంగతి చూద్దాం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డులో కొంత భాగం జపాన్ ప్రభుత్వం తక్కువ వడ్డీకి ఇచ్చిన రుణంతో కట్టినదే. మనం అసలూ వడ్డీ తీర్చాల్సిన రుణమది. పాత పద్ధతిలో ఇలాంటి రుణం విడుదలైన ఏడాది మొత్తానికి మొత్తం సాయంగా జమ అయ్యేది. అసలు తిరిగి కడుతున్నకొద్దీ ఆ మేరకు లెక్కలోంచి తీసేసేవారు. 2018 లెక్కల నుంచి పద్ధతి మారింది. రుణంలో ‘దానం పాలు’ ఎంతో కట్టి, దాన్నే సాయంగా చూపుతున్నారు.

దీన్ని ఎలా కడతారో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. 100 కోట్ల రుణం, ఏటా 1 శాతం వడ్డీ, మొదటి పదేళ్లు అసలు కట్టనక్కర్లేదు, తర్వాత ఇరవై ఏళ్లలో ఏడాదికి 5 కోట్ల చొప్పున తీర్చాలి. భవిష్యత్తులో వచ్చే రూపాయి ఈనాటి రూపాయంత విలువ చేయదు కాబట్టి, తిరిగి వచ్చే ప్రతి వాయిదాకూ ఈనాటి విలువ కడతారు. ఇండియా వంటి దిగువ మధ్యాదాయ దేశాలకు ఇందుకు 7 శాతం రేటు వాడాలని నిబంధన. ఆ లెక్కన 30 ఏళ్లలో తిరిగి వచ్చే సొమ్ముకు ఈనాటి విలువ దాదాపు 37 కోట్లు. కాబట్టి మిగతా 63 కోట్లూ సాయం. అదే 4 శాతం రేటుతో కడితే సాయం 41 కోట్లకు పడిపోతుంది. రుణం అదే, షరతులూ అవే. ఒక్క రేటు మారితే దాత దేశం ఉదారత మూడో వంతు తగ్గింది! ఆ 7 శాతం రేటు మరీ ఎక్కువగా ఉందని విమర్శకులు అంటున్నారు, ఆ విమర్శలో పస ఉందనే నా అభిప్రాయం. అయితే అసలు రుణం ఎంత, వడ్డీ ఎంత, వాడిన రేటు ఎంత అన్నవి పట్టికలో పక్కపక్కనే ఉంటే, ఎవరి లెక్క వాళ్లు కట్టుకోవచ్చు. ఫలితం మాత్రమే ప్రచురిస్తే నమ్మడం తప్ప దారి లేదు.

విడదీసి చూపడం వల్ల కలిగే మేలుకు బ్రిటన్‌లోనే మరో రుజువుంది. శరణార్థుల కోసం దాత దేశం తొలి ఏడాది తన సొంత గడ్డ మీద పెట్టే ఖర్చునూ విదేశీ సాయంగా చూపుకోవడానికి నిబంధనలు అనుమతిస్తాయి. 2023లో బ్రిటన్ మొత్తం సాయంలో 27.9 శాతం, అంటే దాదాపు 430 కోట్ల పౌండ్లు, దేశం సరిహద్దు దాటనే లేదు. శరణు కోరి వచ్చినవారి హోటల్ బిల్లుల వంటివాటికి పోయింది. ఈ ఖర్చుకు గణాంకాల్లో 93010 అని ప్రత్యేక సంకేతం ఉండబట్టే ఎంపీలు, విలేఖరులు పట్టుకోగలిగారు. అది ‘ఇతరములు’ పద్దులో కలిసిపోయి ఉంటే పేద దేశాలకు వెళ్లాల్సిన నిధులు ఎందుకు తగ్గాయో ఎవరికీ అంతుచిక్కేది కాదు.

ఇలాంటి వివరాలను ప్రపంచమంతా ఒకే మూసలో ప్రచురించాలన్న ఆలోచనతో 2008లో ఘనా రాజధాని ఆక్రాలో అంతర్జాతీయ సాయ పారదర్శకత వేదిక మొదలైంది. దీన్ని ఐఏటీఐ అంటారు. 2011 జనవరిలో బ్రిటన్ అభివృద్ధి శాఖే మొట్టమొదట ఆ మూసలో సమాచారం పెట్టింది. ఇందులో ప్రతి ప్రాజెక్టుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ప్రతి లావాదేవీకీ ఒక అంకె ఉంటుంది: 2 అంటే ఇస్తామని ఒప్పుకున్న సొమ్ము, 3 అంటే విడుదలైనది, 4 అంటే ఖర్చయినది. మంజూరుకూ విడుదలకూ మధ్య ఎంత దూరమో ఇల్లు మంజూరై బిల్లు రాని మనవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. సాయం వార్తల్లో తరచూ వినపడేది 2వ అంకె. ఊళ్లో బావి తవ్వేది 3, 4 అంకెలతోనే.

గొలుసు తెగేచోటు కూడా ఇక్కడే కనిపిస్తుంది. దాత ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సంస్థకు ఇస్తుంది, అది ఒక పెద్ద స్వచ్ఛంద సంస్థకు, అది స్థానిక సంస్థకు. ప్రతివారూ పైవారి గుర్తింపు సంఖ్యను తమ లెక్కలో రాస్తేనే సొమ్ము వెంట చివరిదాకా నడవగలం. రెండో మెట్టుకో మూడో మెట్టుకో ఆ సంఖ్య మాయమైపోతుంటుంది. దేశం పేరు ఉంటుంది, జిల్లా ఉండదు. 1999లో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ జీవనోపాధుల పథకం అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో వాటర్‌షెడ్ పనులు చేపట్టింది. దాతల వార్షిక దేశాల పట్టికలో మాత్రం అవన్నీ కలిసి ‘ఇండియా’ అనే ఒక్క వరుస. అనంతపురం రైతుకు కావలసింది ఆ వరుస కాదు, తన మండలం. మలావీలో పరిశోధకులు అక్కడి ఆర్థిక శాఖతో కలిసి దాతల ప్రాజెక్టులను ఊళ్లవారీగా పటం మీద గుర్తించారు. అంటే ఇది కాని పనేమీ కాదు.

సమాచారం పెట్టడమే కాదు, అది నిలిచి ఉండడమూ ముఖ్యమే. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపివేసినప్పుడు, ఆ దేశపు నిధులతో 1985 నుంచి కరువు సూచనలు ఇస్తున్న ఫ్యూస్‌నెట్ వెబ్‌సైటు కూడా కొన్ని నెలలు మూతపడింది. ఆ సూచనల మీద ఆధారపడి ధాన్యం ఎక్కడికి పంపాలో నిర్ణయించుకునే సంస్థలు చీకట్లో పడ్డాయి. ఒక ప్రభుత్వం తలచుకుంటే ఆగిపోయే సమాచారానికి వేరేచోట నకలు ఉండి తీరాలి.

ఇప్పుడు మన సంగతి. భారతదేశం సాయం పుచ్చుకునేదే కాదు, ఇచ్చేది కూడా. 1964లో మొదలైన, విదేశీయులకు ఇచ్చే ఐటెక్ శిక్షణల నుంచి, ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఆఫ్రికా దేశాలకు ఇచ్చే రుణాల దాకా ఈ జాబితా పెద్దదే. 2012లో విదేశాంగ శాఖలో దీనికోసం ప్రత్యేక విభాగమే ఏర్పాటైంది. కేంద్ర బడ్జెట్‌లో ఆ శాఖ పద్దు తెరిస్తే భూటాన్, నేపాల్, మాల్దీవులకు ఎంత కేటాయించారో కనిపిస్తుంది. 2024-25లో ఒక్క భూటాన్‌కే 2,068 కోట్ల రూపాయలు. అది కేటాయింపు. అందులో ఏ ప్రాజెక్టుకు ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది, పని ఎంతవరకు వచ్చింది అన్నవి దేశాలవారీ మొత్తాలతో తేలవు. మన ప్రభుత్వం ఈ వివరాలను ప్రాజెక్టువారీగా, కంప్యూటర్ చదవగల రూపంలో, ఒకేచోట ప్రచురించాలి. పన్ను కట్టే మనకూ, ఆ సొమ్ముతో బడో వంతెనో కట్టుకునే థింపూ, ఖాట్మండు పౌరులకూ ఆ లెక్క చూసే హక్కు ఉంది. దాన్ని అడగాల్సింది మన ఎంపీలు. వాళ్ల చేత అడిగించాల్సింది మనం.