నీలి దీపాల బాట

బేగంపేటలో విమానాలు దిగడం మొదలైన 1930లలో అది ఊరి అంచు. ఇప్పుడు ఒక పక్క బోయినపల్లి, ఇంకో పక్క రసూల్‌పుర, మరో పక్క బాలానగర్. సికింద్రాబాద్, హైదరాబాద్ రెండూ పెరిగి పెరిగి వచ్చి దాని ప్రహరీని తాకాయి. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక ఇక్కడ వైమానిక దళం, వీఐపీల రాకపోకలు, అప్పుడప్పుడూ విమాన ప్రదర్శనలు మిగిలాయి. వాటితోపాటు పైలట్ కావాలని వచ్చే కుర్రవాళ్లకు శిక్షణ ఇచ్చే అకాడమీ చిన్న విమానాలూ మిగిలాయి. కమర్షియల్ పైలట్ లైసెన్స్ కావాలంటే మన దేశంలో రాత్రిపూట కనీసం 5 గంటలు ఎగిరి ఉండాలి, కెప్టెన్ సీటు బాధ్యతతో 10 సార్లు లేచి 10 సార్లు దిగి ఉండాలి. ఆ ఎగరడానికి ముందూ వెనకా షెడ్డు నుంచి రన్‌వే దాకా నేలమీద నడిపే పని ఒకటుంది. టాక్సీ చేయడమంటే అదే. దీన్ని రెండు మాటల్లో దాటేసేవాళ్లే ఎక్కువ గానీ, రాత్రి విమానయానంలో చిక్కు ముళ్లు చాలావరకు ఇక్కడే పడతాయని నా అభిప్రాయం.

మొదటి చిక్కు విమానం తీరులోనే ఉంది. అది నేలకోసం పుట్టిన బండి కాదు. సెస్నా 172కు ప్రధాన చక్రాల మధ్య దూరం రెండున్నర మీటర్లు, రెక్కల కొసల మధ్య దూరం 11 మీటర్లు. ఇరుకు సందులో సైకిల్ మీద అడ్డంగా నిచ్చెన పెట్టుకుని పోయేవాడి అవస్థే పైలట్‌దీ. చక్రాలు బాట మధ్యలోనే ఉంటాయి, రెక్క కొస మాత్రం చీకట్లో ఎక్కడో పక్క విమానం తోకనో ఇంధనం బండినో వెతుక్కుంటూ పోతుంది. పైగా చేతిలో ఉన్నది కారు స్టీరింగులా కనిపిస్తుంది కానీ నేలమీద దాన్ని ఎంత తిప్పినా బండి తిరగదు. తిప్పేవి కాళ్ల కింది పెడళ్లు. అవే చుక్కానినీ, ముందు చక్రాన్నీ కదుపుతాయి. వాటి పైభాగాన్ని మునివేళ్లతో నొక్కితే ఎడమ, కుడి బ్రేకులు విడివిడిగా పడతాయి. కొత్త విద్యార్థి కంగారులో చేతులతో మెలికలు తిప్పుతూ ఉంటే విమానం తన దారిన తాను పోతూ ఉంటుంది.

పాతకాలంలో ఇంతకన్నా అధ్వాన్నం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బేగంపేట శిక్షణ స్కూల్లో యువకులు నేర్చుకున్న టైగర్ మాత్‌కు బ్రేకులే లేవు. తోక కింద చక్రానికి బదులు నేలను గీరుకుంటూ పోయే ఇనప మడమ ఒకటుండేది. ఆగాలంటే ఆ రాపిడే దిక్కు. ముక్కు పైకెత్తుకుని కూర్చునే విమానం కనుక ఎదురుగా ఏముందో కనిపించదు. పాము మెలికలు పోతూ, ఒకసారి ఎడమ పక్కనుంచి, ఒకసారి కుడి పక్కనుంచి తొంగి చూసుకుంటూ నడపాలి. గాలి గట్టిగా ఉంటే రెక్కల కొసలు పట్టుకుని ఇద్దరు మనుషులు వెంట నడవాలి. 1945లో పుట్టిన మన డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలకు బ్రేకులున్నాయి కానీ కూర్చునే తీరు అదే, ముక్కు ఆకాశానికే.

అప్పట్లో రాత్రి దీపాలంటే గూస్‌నెక్‌లు. రేకు డబ్బా నిండా కిరసనాయిలు, దానికి వంపు తిరిగిన కొమ్ము, ఆ కొమ్ములో లావుపాటి వత్తి. విమానం దిగే వేళకు మనుషులు పరిగెత్తుకుంటూ వెళ్లి వాటిని వరసగా వెలిగించేవాళ్లు. గాలి దిశ మారితే మోసుకెళ్లి మళ్లీ పేర్చాల్సిందే. 1949 జనవరిలో దేశంలో రాత్రి ఎయిర్ మెయిల్ మొదలై, ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల డకోటాలు అర్ధరాత్రి నాగపూర్‌లో కలుసుకుని ఉత్తరాల సంచులు మార్చుకోవడం మొదలుపెట్టాక నేలమీద రాత్రి రద్దీ అంటే ఏమిటో మనవాళ్లకు తెలిసొచ్చింది. గూస్‌నెక్ విమానం దిగాల్సిన చోటు చూపిస్తుంది, అంతే. దిగాక ఎటు పోవాలో చెప్పదు.

ఆ చెప్పే పని రెండు రకాల దీపాలకు దక్కింది: విమానానికి తగిలించినవి, నేలలో పాతినవి. విమానానివి ఓడల నుంచి వచ్చినవి. ఎడమన ఎరుపు, కుడిన ఆకుపచ్చ, వెనక తెలుపు అన్న ఓడల పద్ధతినే 1919 పారిస్ అంతర్జాతీయ ఒప్పందం విమానాలకూ వర్తింపజేసింది. ఎరుపూ ఆకుపచ్చా చెరో 110 డిగ్రీల మేర, తోక తెలుపు 140 డిగ్రీల మేర మాత్రమే కనిపించాలి. మూడూ కలిస్తే 360, చుట్టూ పూర్తి. ఇందులో ఏదీ దారి చూపడానికి కాదు, అవతలివాడికి కబురు చెప్పడానికి. చీకట్లో ఒక్క ఎరుపే కనిపిస్తే ఆ విమానం నీకు అడ్డంగా ఎడమవైపుకు పోతోంది. నీ ఎడమన ఆకుపచ్చ, కుడిన ఎరుపు కలిసి కనిపిస్తే అది నీ మీదికే వస్తోంది, బ్రేకుల మీద కాలు పెట్టు.

నేలలో పాతినవాటిలో నాకు ముచ్చటైనది టాక్సీవే అంచున వెలిగే నీలి దీపం. రన్‌వే అంచులు తెలుపు, టాక్సీవే అంచులు నీలం. పెద్ద విమానాశ్రయాల్లో బాట నడుమ ఆకుపచ్చ వరస అదనం. ఫిలమెంట్ బల్బు వెలుగులో నీలం పాలు మరీ తక్కువ. నీలి గాజు తొడిగితే వెలుగులో చాలా భాగం ఆ గాజే మింగేస్తుంది. అంటే అది పుట్టుకతోనే మందమైన దీపం, దూరానికి ఆనదు. ఆ బలహీనతే దాని గుణం. దిగబోయే పైలట్‌కు రన్‌వే తెల్లగా కొట్టొచ్చినట్టు కనపడాలి, పక్క బాట వచ్చి అతని కళ్లలో పడకూడదు. నీలం కనిపించాల్సినవాడు దాని పక్కనే గంటకు ఇరవై కిలోమీటర్ల లోపు వేగంతో పోతుంటాడు, అతనికి అదే ఎక్కువ. ఎల్‌ఈడీలు వచ్చాక ఈ లెక్క తారుమారైంది. నీలాన్ని అవి ధారాళంగా ఇవ్వగలవు, వెలుగు తగ్గించి పెట్టకపోతే కళ్లలో గుచ్చుకుంటాయి.

నీలానికి ఒక లోపం ఉంది. బోయింగ్ 747 పైలట్ కన్ను నేలకు 9 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అక్కణ్నుంచి బాట గీసినట్టు కనిపిస్తుంది. సెస్నాలో కూర్చున్నవాడికి అంత ఎత్తు లేదు. నాలుగు బాటలు కలిసే చోట వరసలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నీలి చుక్కల చెరువైపోతాయి. అందుకే తెలిసినవాళ్లు కూడలికి రాగానే ఆగి, దీపాల కన్నా దిక్సూచిని నమ్ముతారు. బేగంపేట రన్‌వేకు ఒక కొస పేరు 09, రెండోది 27. 09 మీదికి ఎక్కితే ముల్లు 90 డిగ్రీల దగ్గర, అంటే తూర్పున ఉండాలి. 2006 ఆగస్టు 27న అమెరికాలోని లెక్సింగ్టన్‌లో తెల్లవారకముందు ఒక జెట్ విమానం 22వ నంబరు రన్‌వేకు బదులు 26వ నంబరు పొట్టి రన్‌వే ఎక్కి పరుగు తీసింది. 50 మందిలో 49 మంది చనిపోయారు. ఆ రన్‌వేకు దీపాలు వెలగడం లేదని పైలట్లు గమనించారు కూడా. ముల్లులో 40 డిగ్రీల తేడా కళ్ల ముందే ఉంది.

కన్ను మోసం చేసేది ఇంకా ఉంది. పక్కన పరిగెత్తే చెట్లూ గోడలూ కనపడవు కనుక రాత్రి నిజంగా పోయే వేగం కన్నా నెమ్మదిగా పోతున్నట్టే అనిపిస్తుంది. పక్క విమానం కదిలితే మనమే వెనక్కి జరుగుతున్నామనిపిస్తుంది. కాబట్టి ముందు దారి చూపే మన విమానం దీపం వెలుగు పడినంత దూరంలో ఆగగలిగిన వేగం దాటకూడదన్నది నియమం. పాత బల్బులతో ఆ దీపాన్నీ అస్తమానం వెలిగించి ఉంచే వీల్లేదు. గాలి తగలక వేడెక్కుతుంది, ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు బ్యాటరీ దిగిపోతుంది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి అరగంట పడుతుంది, కాక్‌పిట్‌లో ఎవరైనా సెల్‌ఫోన్ వెలిగిస్తే ఆ అరగంటా పోతుంది. రెక్క కొసల్లో మెరిసే స్ట్రోబ్ దీపాలను టాక్సీలో ఆర్పి ఉంచేది కూడా ఎదుటివాడి కళ్ల కోసమే.

స్ట్రోబ్ ఆర్పే ఈ మర్యాద రన్‌వే ఎక్కాక ప్రాణం తీయగలదు. 1991 ఫిబ్రవరి 1 సాయంకాలం చీకటి పడ్డాక లాస్ ఏంజెలెస్‌లో 12 మంది ఉన్న చిన్న మెట్రోలైనర్ విమానం ఎగరడానికి అనుమతి కోసం రన్‌వే మీద ఎదురుచూస్తోంది. ఆ సంగతి టవర్‌లో మరిచిపోయారు, అదే రన్‌వే మీదికి బోయింగ్ 737ను దిగనిచ్చారు. దిగేవాళ్లకు ముందున్న విమానం రన్‌వే దీపాల్లో కలిసిపోయింది. మొత్తం 35 మంది పోయారు. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో జపాన్ తీర రక్షక దళం విమానానిదీ అదే గతి. అనుమతి వచ్చిందనుకుని రన్‌వే ఎక్కి నిలబడింది, వెనక నుంచి ఎయిర్‌బస్ ఎ350 వచ్చి దాని మీద దిగింది. పెద్ద విమానంలోని 379 మందీ బయటపడ్డారు, చిన్నదానిలో ఆరుగురిలో అయిదుగురు పోయారు. రన్‌వే ముందు అడ్డంగా ఎర్రగా వెలిగి ఆపాల్సిన దీపాల వరస ఆ రోజుల్లో పని చేయడం లేదు.

ఇప్పుడు బేగంపేట 09 మీద రాత్రి నిలబడిన సెస్నాను పడమటి నుంచి దిగడానికి వచ్చేవాడి కంటితో చూడండి. అతనికి కనిపించేది ఎరుపూ ఆకుపచ్చా కాదు, తోకది ఒక్క తెల్లని చుక్క. రన్‌వే దీపాలూ తెలుపే. వాటి వెనక సికింద్రాబాద్ అంతా వెలుగే. దీనికి విరుగుడుగా అమెరికా విమానయాన సంస్థ చెప్పే సలహా ఖర్చు లేనిది: రన్‌వే మీద వేచి ఉన్నప్పుడు విమానాన్ని మధ్యగీత మీద కాకుండా మూడడుగులు పక్కకు జరిపి నిలపాలి, దీపాల వరసలో కలవని చుక్క కంట్లో పడుతుంది. ఎక్కే ముందు గాజులోంచి దిగే దిక్కుకు ఒకసారి చూడాలి, స్ట్రోబ్ వేయాలి, టవర్ ఇచ్చిన అనుమతిని రన్‌వే నంబరుతో సహా తిరిగి చదివి వినిపించాలి.