రెప్ప వెంట్రుకలు – కృత్రిమ సౌందర్యం

కనురెప్ప అంచున మొలిచే వెంట్రుకలను కవులు అందానికి గుర్తుగా వర్ణించారు గాని, అవి ప్రధానంగా కంటికి కావలివాండ్రు. ధూళి రేణువు తాకిన మరుక్షణమే రెప్ప మూతపడునట్లు చేసేవి అవే. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే మన అనంతపురం పీఠభూమిలో ఈ కావలి ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. రామగిరి కొండలపై గాలిమరలు ఊరకే వెలసినవి కావు. ఆషాఢపు గాలికి ఎర్రమట్టి దుమ్ము లేచినదంటే కన్ను తెరవడమే కష్టం.

రెప్ప వెంట్రుకల పొడవుకూ ఒక లెక్క కలదు. అమెరికాలోని జార్జియా టెక్ శాస్త్రజ్ఞులు 22 జాతుల క్షీరదాలను పరిశీలించి, ఆ పొడవు కంటి వెడల్పులో సుమారు మూడవ వంతు ఉంటుందని 2015లో ప్రకటించారు. ఆ మేరకు ఉన్నప్పుడు అవి గాలిని మళ్లించి కన్నీటి పొరను ఆరిపోనీయవు. అంతకు మించితే గాలిని కంటిపైకే మరల్చుతాయి. తడి కరవైన మన గాలిలో ఇది చిన్న విషయం కాదు.

పెండ్లిండ్ల సమయంలో బ్యూటీ పార్లర్లలో ఒక్కొక్క వెంట్రుకకు కృత్రిమమైన పొడవాటి వెంట్రుకను అతికించే పద్ధతి నేడు వ్యాపించింది. అతికించే జిగురు సాధారణంగా సైనోఅక్రిలేట్. విరిగిన వస్తువులకు వాడే ఫెవిక్విక్ కూడా ఆ జాతిదే. కొన్ని జిగుళ్ల నుండి ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. దాని వలన కన్ను ఎర్రబారడం, రెప్ప వాయడం సంభవిస్తాయి. బొట్టు కంట పడితే నల్లగ్రుడ్డు మీది పొర గాయపడుతుంది. అతుకు ఊడునేమోనన్న భయంతో రెప్పలను సరిగా కడుగరు. అప్పుడు దుమ్ము, జిడ్డు, క్రిములు అంచున చేరి రెప్పవాపు కలిగిస్తాయి. బరువుకు సహజమైన వెంట్రుకలు రాలిపోవడమూ కలదు.

ఇది కేవలం ఈ కాలపు వ్యామోహం కాదు. 1933లో అమెరికాలో లాష్ లూర్ అనే రెప్పల రంగు వలన స్త్రీలకు చూపు పోయింది. 1938 నాటి అక్కడి సౌందర్య సాధనాల చట్టానికి అట్టి ఘటనలు దారితీశాయి. పాతవన్నీ మేలైనవని తలచడమూ పొరపాటే: సీసపు ఖనిజాన్ని నూరి చేసిన సుర్మా పసిబిడ్డల రక్తంలోకి విషాన్ని చేర్చగలదు.

ఇట్టి అలంకరణ చేయించుకొన్నవారికి నొప్పి గాని మసక గాని కలిగితే వెంట్రుకలను స్వయంగా పీకరాదు. జిగురు కంట పడిన వెంటనే శుభ్రమైన నీటితో బాగుగా కడిగి, అదే దినం కంటి వైద్యునికి చూపించవలెను.